ముఖానికా, కంటికా?

కళ్ళజోడు చట్రం ఎట్లా ఎంచుకోవాలని ఎవరిని అడిగినా మొదట వినిపించేది ముఖాకృతి శాస్త్రమే. గుండ్రని ముఖానికి పలకల చట్రమట, పలకల ముఖానికి గుండ్రనిదట, కోలముఖానికి ఏదైనా చెల్లునట! ఈ శాస్త్రంలో ముఖం ఉన్నది గాని ముక్కు లేదు, చెవి లేదు, అన్నింటికన్నా ముఖ్యమైన కన్ను లేదు. నా పేచీ అంతా దానితోనే.

మన భాషవారు ఈ వస్తువుకు పెట్టిన పేర్లు చూడండి. కళ్ళజోడు, కళ్ళద్దాలు, సులోచనాలు. ఒక్కదానిలోనైనా ముఖం ప్రసక్తి ఉన్నదా? నలభై దాటగానే దగ్గరి అక్షరం మసకబారడాన్ని చత్వారం అన్నారు. నలభై అనే అర్థం గల సంస్కృత పదం నుండి వచ్చిన మాట అంటారు. వయసు లెక్క కూడా కంటికే కట్టారన్నమాట.

మా వాడపల్లి కృష్ణా మూసీ నదుల సంగమస్థలం. ఇక్కడి లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలోని రెండు దీపాలలో ఒకటి స్వామి ఊపిరికి కదలుతుందని, రెండవది నిశ్చలంగా ఉంటుందని ప్రతీతి. ఆ తేడా చూడాలని వచ్చే వృద్ధులను గమనిస్తుంటాను. ఒక చేయి నమస్కారంలో ఉంటుంది, రెండవది జారే కళ్ళజోడును పట్టుకొని ఉంటుంది. అద్దంలో దోషం లేదు, సైటు సరిగానే కట్టారు. చట్రమే ఆ ముక్కుకు చెందినది కాదు. అట్లా జారే కళ్ళజోడు కొన్నాళ్ళకు గూటిలోకి చేరుతుంది. గూటిలోని కళ్ళజోడు ఎవరికీ చూపు కాదు.

చట్రపు కాడ లోపలివైపు సన్నగా మూడు అంకెలు అచ్చువేసి ఉంటాయి. 52, 18, 140 అని ఉన్నదనుకుందాం. అద్దం వెడల్పు 52 మిల్లీమీటర్లు, ముక్కుపై రెండు అద్దాల నడిమి ఎడం 18, కాడ పొడవు 140. మొదటి రెండూ కలిపితే 70. అది రెండు అద్దాల నట్టనడుముల మధ్య దూరం. మనిషి కనుపాపల మధ్య దూరం 62 అయితే, ఒక్కొక్క అద్దపు దృష్టికేంద్రాన్ని 4 మిల్లీమీటర్లు ముక్కువైపు జరపవలసివస్తుంది. మైనస్ అద్దం అంచున దళసరి. జరిపినకొద్దీ చెవివైపు అంచు ఇంకా లావవుతుంది, బరువూ పెరుగుతుంది. కనుక సైటు ఎక్కువున్నవారికి చిన్న అద్దాల చట్రమే శ్రేయస్కరం. దూరానికీ దగ్గరకూ ఒకే అద్దంలో చూపు క్రమంగా మారే ప్రోగ్రెసివ్ రకానికి మాత్రం అద్దం ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లయినా ఉండాలి. ఈ లెక్కకూ ముఖం గుండ్రమా పలకా అన్నదానికీ సంబంధమే లేదు.

ఇక పని సంగతి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులలో, మా చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలలో, వరి మళ్ళలో పనిచేసేవారు రోజంతా వంగి లేస్తారు. దుకాణంలో అద్దం ముందు నిటారుగా నిలబడి మురిసిపోతే చాలదు. నాటు వేసినట్లు వంగి, తల విదిలించి చూడాలి. నవ్వితే బుగ్గలు చట్రాన్ని పైకి నెట్టరాదు, రెప్పవెంట్రుకలు అద్దానికి తగలరాదు. చెమట పట్టే ఒంటికి నికెల్ కలిసిన లోహం కొందరికి దద్దురు తెస్తుంది. వారికి టైటానియం గాని అసిటేట్ గాని మేలు. అసిటేట్ చట్రాన్ని వేడిచేసి ముక్కుకు, చెవికి తగినట్లు వంచవచ్చు కూడా. పిల్లలకైతే సులభంగా పగలని పాలికార్బొనేట్ అద్దాలు, అవి గట్టిగా కుదిరే చట్రం ఉండాలి.

ఇదంతా చాదస్తమని అనిపించవచ్చు. అస్సాంలో నలభై నిండిన తేయాకు కార్మికులపై జరిగిన పరిశోధన ఒకటి 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. చత్వారపు అద్దాలు ఇచ్చినవారి దిగుబడి, ఇవ్వనివారికంటే సుమారు 22 శాతం మెరుగుపడినట్లు తేలింది. చూపు అంటే కూలి, కూలి అంటే కూడు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలుపెట్టి, 2023 జనవరిలో రెండవ విడత ఆరంభించి, ఊరూరా కళ్ళను పరీక్షించింది. పరీక్ష సగం పని. ఇచ్చినదైనా కొన్నదైనా, కళ్ళజోడు ముక్కుపై నిలబడడం మిగతా సగం.

అన్నింటికన్నా నన్ను కలచివేసేది ఆడపిల్లల విషయం. కొడుక్కి సైటు వస్తే 'బాగా చదువుతున్నాడు' అంటాము, కూతురికి వస్తే 'సంబంధాలెట్లా' అంటాము. అందుకే ఆమెకు కనిపించీ కనిపించని అంచులేని చట్రం వెతుకుతారు, లేదా ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు తీసి దాచమంటారు. అంచులేని చట్రానికి అద్దంలోనే రంధ్రాలు చేసి మరలు బిగించాలి. సైటు ఎక్కువైతే దళసరి అంచు దాగదు సరికదా, బట్టబయలవుతుంది. దాచడానికని కొన్నది దాచనూ దాచదు, నాలుగు రోజులు మన్ననూ మన్నదు.

అందం వద్దని నేననను. నచ్చని కళ్ళజోడు కూడా గూటికే చేరుతుంది. కాని నచ్చవలసినది పెట్టుకునే పిల్లకు, చూసే పెళ్ళివారికి కాదు. ముక్కు, చెవి, కనుపాప, చేసే పని, ఈ నాలుగూ ఒప్పుకున్న చట్రాలను ముందు ఏరి పక్కన పెట్టండి. వాటిలో ఆమెకు ఏ రంగు ఇష్టమో ఆమెనే అడగండి. ఎర్రదే కావాలంటే ఎర్రదే కొనండి. పదిమందికీ కనబడనివ్వండి, ఆమెకు లోకం కనబడుతున్నది కదా!