సంపాదకుని మాట: ఏ సర్వీసు కావాలో చెప్పి అడుగుదాం

ఈ సంచికలో ఎక్కువ పేజీలు ఓఎస్‌జీఐకే ఇచ్చాం. ఈ జావా మాడ్యూల్ వ్యవస్థలో ఒకే ఇంటర్‌ఫేస్‌ను ఎన్ని బండిల్స్ (మాడ్యూళ్లు) అయినా సర్వీసుగా నమోదు చేయవచ్చు. ఏది కావాలో చెప్పకుండా ఒక్కటి అడిగితే సర్వీస్ ర్యాంకింగ్ ఎక్కువున్నది వస్తుంది. ర్యాంకింగ్ సమానమైతే సర్వీస్ ఐడీ చిన్నది, అంటే ముందు నమోదైనది. బండిల్స్ మొదలయ్యే వరుస మారితే జవాబూ మారిపోతుంది. పరీక్ష కోసం రాసిన నకిలీ పేమెంట్ సర్వీసు అసలుదాని స్థానంలోకి వచ్చే ప్రమాదం ఇక్కడే ఉంది.

అందుకే కాంపోనెంట్ ఒక సర్వీసును కోరే రెఫరెన్సుకు, ఏ ప్రాపర్టీ విలువ ఉన్నది కావాలో చెప్పే టార్గెట్ ఫిల్టర్ రాయమని గట్టిగా చెబుతున్నాం. డైరెక్టరీ ప్రోటోకాల్ ఎల్‌డ్యాప్ నుంచి తెచ్చుకున్న ఆ ఫిల్టర్ రాత మొదట్లో కంటికి ఇబ్బందే: ‘మరియు’ గుర్తు షరతుల మధ్యన కాక ముందు వస్తుంది. ప్రాపర్టీ పేరులో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు; విలువలో మాత్రం ఉంది. విలువ తప్పు రాస్తే కంపైలర్ పట్టుకోదు. తప్పనిసరి రెఫరెన్సు దొరక్క కాంపోనెంట్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది, లాగ్‌లో వెతికినా ఒక్కోసారి ఏమీ కనిపించదు.

మాకు బాగా నచ్చిన సంగతి, కోడ్ ముట్టుకోకుండా ఈ ఫిల్టర్‌ను ఓఎస్‌జీఐ సెట్టింగుల సర్వీసైన కాన్ఫిగరేషన్ అడ్మిన్ ద్వారా మార్చుకోగలగడం. ముఖ్య వ్యాసం దానితోనే మొదలవుతుంది. ఓఎస్‌జీఐని అమలు చేసే ఫెలిక్స్ కన్సోల్‌ను పక్కన తెరిచిపెట్టుకుని చదవండి.