యాంజియో కన్నా ముందు

మెట్లెక్కితే ఛాతీ బరువెక్కడం, కాసేపు నిలబడితే తగ్గడం. నెలల తరబడి ఇదే తంతు. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపే ఇంట్లో తీర్మానం అయిపోతుంది: "ఎందుకైనా మంచిది, యాంజియో చేయించేద్దాం." ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆ తొందర గురించే.

హఠాత్తుగా చెమటలు పట్టించే నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి, అందులో రెండో మాట లేదు. మేం చెబుతున్నది పాత నొప్పి సంగతి. రక్తనాళంలో పూడిక ఉందో లేదో తేలాలంటే సీటీ యాంజియో (గుండెదాకా గొట్టం పంపకుండా స్కాన్‌తో తీసే బొమ్మ) మేలు. ఉన్న పూడిక గుండె కండరానికి రక్తం అందనివ్వడం లేదా అన్నది తేలాలంటే స్ట్రెస్ ఎకో, న్యూక్లియర్ స్కాన్, ఎంఆర్ఐ వంటివి కావాలి.

సీటీకి ముందు నాడి నెమ్మదించడానికి మాత్ర ఇస్తారు, కిడ్నీల పనితీరు తెలియడానికి క్రియాటినిన్ చూస్తారు. రంగుమందు ఎక్కగానే ఒళ్లంతా వేడెక్కి, మూత్రం పోయిందేమోనన్న అనుమానం కూడా వస్తుంది (పోదు లెండి). నాళాల్లో కాల్షియం బాగా పేరుకున్నవారికి బొమ్మ మసకబారుతుంది.

స్కాట్లాండ్‌లో 4,146 మందిపై జరిపిన స్కాట్-హార్ట్ అధ్యయనం ఐదేళ్ల ఫలితాలు 2018లో వచ్చాయి. మామూలు పరీక్షలకు సీటీ జోడించినవారిలో గుండెపోటు, గుండెజబ్బు మరణాలు కలిపి 2.3 శాతం, జోడించనివారిలో 3.9. స్టెంట్లు, బైపాస్‌లు మాత్రం రెండువైపులా దాదాపు సమానమే! సీటీ చూశాక స్టాటిన్, ఆస్పిరిన్ వంటి మందులు ఎక్కువమందికి మొదలుపెట్టారు. మా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది, లోపలి పేజీల్లో ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.