ఆజ్యం పోయని అయస్కాంతం

కరెంటు తీగల దాపున పెరిగే పిల్లలకు రక్త క్యాన్సర్ ముప్పు ఎక్కువన్న అనుమానానికి 1979లో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన పరిశీలన బలమిచ్చింది. 2000లో వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి లెక్కగడితే, అయస్కాంత క్షేత్రం సగటున 0.4 మైక్రోటెస్లా, ఆపైన ఉన్న ఇళ్లలో పిల్లల లుకేమియా దాదాపు రెట్టింపుగా కనిపించింది. ఆ మరుసటి ఏడాది అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ క్షేత్రాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చింది. అయితే రెండూ ఒకచోట కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలదు. పైగా కరెంటు తీగల క్షేత్రానికి డీఎన్ఏను నేరుగా తెంచే శక్తి లేదు. అందుకే పరిశోధకుల చూపు మరో అవకాశం మీదికి మళ్లింది: నిప్పు పెట్టకపోయినా, రాజుకున్న నిప్పులో ఇది ఆజ్యం పోస్తుందేమో!

ఈ అనుమానాన్ని సూటిగా పరీక్షించిన ప్రయోగం 1996లో అమెరికాలో వెలువడింది. ఫిషర్ 344 జాతి ఎలుకలకు లుకేమియా కణాలను ఎక్కించి, రోజుకు 20 గంటల చొప్పున 1 మిల్లీటెస్లా క్షేత్రంలో ఉంచారు. ఇళ్ల లెక్కల్లోని 0.4 మైక్రోటెస్లాకు ఇది 2,500 రెట్లు. ప్లీహం వాపులో గానీ రక్త పరీక్షల్లో గానీ నిలకడైన తేడా కనిపించలేదు. ముందుగా గామా కిరణాలు సోకిన మరో గుంపులో మాత్రం జబ్బు ముదిరింది. ఈ గుంపే ప్రయోగానికి ప్రాణం. వ్యాధి వేగం పెరిగితే పసిగట్టగల పరీక్షే ఇదని, అది పసిగట్టడానికి క్షేత్రం వైపు ఏమీ లేకపోయిందని దీంతో రుజువైంది. 100 మైక్రోటెస్లా, 50 హెర్ట్జ్ క్షేత్రంలో మరో రకం లుకేమియా ఎలుకలను ఉంచి 2000లో ప్రకటించిన ప్రయోగమూ ఇదే మాట చెప్పింది.

ఎలుక పసిబిడ్డ కాదన్న అభ్యంతరం న్యాయమైనదే. ఫిషర్ ఎలుకలకు సహజంగా వచ్చే లుకేమియా ముసలితనపు జబ్బు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ లుకేమియా వేరు. కాబట్టి ఈ ఫలితాలు జబ్బు ముదరడం గురించి చెప్పినంత గట్టిగా, పసితనంలో అది మొదలవడం గురించి చెప్పలేవు. రెండో అభ్యంతరం 2016 నాటి ఇటలీ ప్రయోగం: గామా కిరణాలకు జీవితకాలపు క్షేత్రం తోడైన మగ ఎలుకల్లో లింఫోమా, లుకేమియా పెరిగాయి. దాన్ని కొట్టిపారేయలేం. కానీ అంతకుముందు 2000లో, రెండు వేలకు పైగా చిట్టెలుకలపై ఇలాంటి జోడింపునే పరీక్షించిన అమెరికా అధ్యయనంలో ఆ పెరుగుదల లేదు. మరో చోట మళ్లీ నిలిచేదాకా ఒంటరి ఫలితం ప్రశ్నగానే మిగులుతుంది.

వెతక్కుండా ‘ఆధారం లేదు’ అనడం వేరు, పట్టుకోగల వలతో వెతికాక లేదనడం వేరు. ఆజ్యం విషయంలో మనం రెండో స్థితిలో ఉన్నాం. కొత్త లైన్లు వేసేటప్పుడు పెద్దగా ఖర్చు లేని జాగ్రత్తలు తీసుకోమన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నాటి సూచన సబబే. తీగను చూసి బెంబేలెత్తడానికి మాత్రం ఈ ప్రయోగాలు ఊతమివ్వవు. ఇకమీదట పరిశోధన సొమ్ము పిల్లల లుకేమియాను పోలిన జబ్బు వచ్చే జంతువుల మీద, గామా గుంపులాంటి గీటురాయితో సహా, ఖర్చు కావాలి.