శనివారాన్ని దాటేయకండి

చావు జరిగిన ఇంట్లో, పెట్టె పక్కన కూలబడిన తల్లితో మన సంఘాల్లో అనే మొదటి మాట ఒకటుంది. “ఏడవొద్దమ్మా, ప్రభువు దగ్గరికేగా వెళ్లాడు.” అనేవారి మనసు మంచిదే. ఆమె నమ్మకమూ అదే. అయినా ఆ మాటతో ఆమె గొంతు మూసుకుపోతుంది. తర్వాత ఆదరణ కూడిక పెడతారు. షామియానా, మైకు, ఒకరి తర్వాత ఒకరుగా సేవకుల ప్రసంగాలు, భోజనాలు. ఇంటివాళ్ల వంతు వచ్చినప్పుడు వచ్చినవారికి వందనాలు చెప్పి కూర్చోవాలి. అంతమంది మాట్లాడిన ఆ పందిట్లో బిడ్డను మట్టిలో పెట్టివచ్చిన మనిషి మాటకు మాత్రం చోటుండదు.

ఇందుకు పౌలును సాక్ష్యానికి పిలుస్తుంటారు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో ఆయన నిరీక్షణ లేనివారిలాగా దుఃఖపడవద్దన్నాడు, దుఃఖమే వద్దనలేదు. ఎపఫ్రొదితు జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లినప్పుడు, అతను పోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని ఫిలిప్పీయులకు దాచుకోకుండా రాశాడు. స్తెఫనును సమాధి చేసిన భక్తిపరులు గట్టిగా రోదించారని అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. తెరుచుకున్న ఆకాశాన్ని చూస్తూ కన్నుమూసిన మనిషి కోసం వాళ్లు అలా ఏడ్చారు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు బేతనియలో కన్నీళ్లు పెట్టుకున్నాడు. విశ్వాసం తక్కువై ఏడుస్తున్నారనే మాట వీళ్లలో ఎవరి ముందు అనగలం?

కీర్తనల గ్రంథంలో సుమారు మూడోవంతు విలాపాలే. చాలావాటిలో చివరికి స్తుతి వస్తుంది. 88వ కీర్తనలో అదీ రాదు. రాత్రీ పగలూ మొరపెడుతున్నా ముఖం దాచుకున్నావేమని దేవుణ్ణి నిలదీసి, చీకటి దగ్గరే ఆగిపోతుంది. గ్రంథాన్ని కూర్చినవాళ్లు చివర ఒక స్తుతి వచనం చేర్చలేదు, పాటల్లోంచి దాన్ని తీసేయనూ లేదు. మీ గుడిలో ఆ కీర్తన ఎప్పుడు చదివారో గుర్తుందా? యెరూషలేము కూలిపోయాక పుట్టిన విలాపవాక్యములలో మొదటి నాలుగు అధ్యాయాలనూ 22 హెబ్రీ అక్షరాల వరుసలో అల్లారు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఆ ఏడుపును ఎవరూ ఆపలేదు. మూడో అధ్యాయం మధ్యలో ఉన్న నిరీక్షణ వచనాలు మాత్రమే మన క్యాలెండర్లకెక్కాయి. ఆ తర్వాత కూడా విలాపం సాగుతూనే ఉంటుంది.

తెలుగువాళ్లకు దుఃఖంలో కూర్చోవడం చేతకాదని అనుకోలేను. హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో జాషువా శ్మశానవాటి పద్యాల కోసం ఊళ్లకు ఊళ్లు తెల్లవార్లూ మేలుకున్నాయి, వన్స్ మోర్ అని మళ్లీ మళ్లీ పాడించుకున్నాయి. ఆయన ‘క్రీస్తు చరిత్ర’ రాసిన కవి. రంగస్థలం మీద అంత ఓపిగ్గా వినగలిగిన మనం గుడిలోకి వచ్చేసరికి ఎందుకింత తొందరపడుతున్నాం?

ఆ తొందర శ్రమల వారం చివర్లో బాగా తెలుస్తుంది. శుక్రవారం పన్నెండు నుంచి మూడింటి దాకా సిలువ మీది ఏడు మాటలు ధ్యానిస్తాం. ఆదివారం చీకటితోనే లేచి పునరుత్థాన ఆరాధనకు వెళ్తాం. మధ్యనున్న శనివారం మనకు పాటల రిహార్సల్‌కి, పూల కొనుగోళ్లకి సరిపోతుంది. సువార్తలు ఆ రోజు గురించి చెప్పింది బహు తక్కువ. స్త్రీలు ఆజ్ఞ ప్రకారం విశ్రాంతిగా ఉన్నారంటాడు లూకా. ఆ విశ్రాంతి ఎలాంటిదో ఊహించండి. ఆదివారం వస్తుందని వాళ్లకు తెలియదు. కతోలిక సంఘంలో ఆ రాత్రి జాగరణ దాకా పూజబలి ఉండదు, బలిపీఠం మీద గుడ్డ కూడా పరచరు. మిగతా సంఘాలవాళ్లం ఆ ఒక్కటీ నేర్చుకుంటే బాగుండును.

శనివారంలో అన్నిటికన్నా కష్టమైనది దేవుడి మౌనం. క్రైస్తవ విశ్వాసం తరఫున ఏళ్ల తరబడి వాదించిన సి.ఎస్. లూయిస్, 1960లో భార్య జాయ్ క్యాన్సర్‌తో పోయాక, దేవుడి తలుపు మూసుకుని లోపల గడియ పడిందని రాశాడు. అలా రాసుకున్న నోటుపుస్తకాలు మరుసటి ఏడాది 1961లో అచ్చయినప్పుడు తన పేరు పెట్టుకోలేదు, ఎన్.డబ్ల్యు. క్లర్క్ అనే మారుపేరు పెట్టాడు. అంతటి మనిషికే ఆ మాటలు సొంత పేరుతో చెప్పడం కష్టమైందంటే, మన ఊరి సంఘంలో ఒక విధవరాలికి ఎంత కష్టమో.

మన గుళ్లలో సాక్ష్యాల సమయానికి లేచి నిలబడేది ప్రార్థనకు జవాబు దొరికినవాళ్లే. ఆపరేషన్ సఫలమైంది, వీసా వచ్చింది, బిడ్డ పుట్టింది. దొరకనివాళ్లు వెనక బల్లల్లో కూర్చుని ఆమేన్ అంటారు. ఈ పత్రికకు వచ్చే సాక్ష్యాలూ ఎక్కువగా అలాంటివే, వాటిని ఆనందంగా వేస్తున్నాం. ఇకమీదట వెనక బల్లలవారూ రాయాలని కోరుతున్నాం. మూడేళ్లు మోకరించినా భర్త బతకకపోతే, అలాగే రాయండి. చివర “అయినా దేవునికి స్తోత్రం” అని చేర్చాలనిపిస్తే చేర్చండి, మనసు రాకపోతే వద్దు. పేరు వద్దంటే పేరు లేకుండా వేస్తాం. మా వైపు నుంచి ఒక్క ఓదార్పు వాక్యం కూడా కలపం.