ఆ కన్నీళ్ళు నటన కాదు

‘క్లాసిక్’ అన్న మాట వినపడగానే మన మేధావుల నోళ్ళు ఎందుకు మూతపడతాయి? బెర్తొలూచి తీసిన ‘లాస్ట్ టాంగో ఇన్ పారిస్’ (1972) సంగతే చూడండి. దాని చుట్టూ చర్చంతా అశ్లీలమా, కళా అన్న దగ్గరే తిరిగింది. 1976లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం ప్రింట్లు ధ్వంసం చెయ్యమంది, దర్శకుడి పౌరహక్కులను అయిదేళ్ళు రద్దు చేసింది. ఎవరికి అన్యాయం జరిగిందని? ప్రజల నీతికి! అటు పౌలీన్ కేల్ వంటి విమర్శకురాలు దాన్ని సినిమా చరిత్రలోనే ఒక మలుపుగా కీర్తించింది. తెర మీద ఏడుస్తున్న 19 ఏళ్ళ మారియా ష్నైడర్ ఈ రెండు పక్షాలకూ ఆనలేదు.

ఆ బలాత్కార దృశ్యంలో సంభోగం నటనే. కానీ అది అసలు స్క్రిప్టులో లేదనీ, తీసే ముందు మాత్రమే తనకు చెప్పారనీ, తన కన్నీళ్ళు నిజమనీ, తనపై కొంత అత్యాచారం జరిగినట్టే అనిపించిందనీ 2007లో మారియా చెప్పింది. ఎవరు పట్టించుకున్నారు? 2011లో ఆమె చనిపోయింది. వెన్న వాడబోతున్నట్టు కావాలనే చెప్పలేదనీ, నటిగా కాక ఒక అమ్మాయిగా ఆమె స్పందన కావాలనుకున్నాననీ 2013లో దర్శకుడే అన్నాడు. ఆ వీడియో 2016లో మళ్ళీ బయటికొచ్చాకగానీ లోకం ఉలిక్కిపడలేదు. హింస సంగతి ఆమెకు ముందే తెలుసు, వెన్న ఒక్కటే కొత్త అని ఆయన సర్దుకున్నాడు. ఆ ‘ఒక్కటే’ ఆమెకు చెప్పడానికి ఏమడ్డొచ్చింది?

స్త్రీ చెబితే ఫిర్యాదు, పురుషుడు ఒప్పుకుంటే వార్త!

ఫిల్మ్ సొసైటీల్లో ‘ఎంత సహజంగా చేసిందో’ అనే మెచ్చుకోలు నేను చాలాసార్లు విన్నాను. (అనేవాళ్ళంతా మగవాళ్ళే అనుకోకండి.) ఆ సహజత్వం ఎక్కడినుంచి వచ్చిందో అడిగితే మనం సంకుచితులం, సెన్సారు పక్షం. నేను సెన్సారు పక్షం కాదు. స్త్రీ లైంగికత తెర మీదికి రావడం నాకు అభ్యంతరం కాదు, ఆమెకు చెప్పకుండా ఆమె అవమానాన్ని ముడిసరుకు చేసుకోవడం అభ్యంతరం. సంస్కృతి రక్షకులకు కనిపించేది నగ్నత్వం. నాకు కనిపించేది పనిచేసేచోట ఒక కార్మికురాలి మీద జరిగిన మోసం.

2024 డిసెంబరులో పారిస్‌లోని సినిమాతెక్ ఫ్రాన్సేజ్ ఈ సినిమా వెయ్యబోయి, స్త్రీల నిరసనతో మానుకుంది. మానుకోవడం తేలిక. వెయ్యండి, కానీ దీపాలు ఆర్పే ముందు మారియా 2007లో చెప్పిన మాటలు హాల్లో చదవండి. ఆ తర్వాత కూడా ‘సహజంగా చేసింది’ అని ఎవరంటారో నేను చూస్తాను.