ఒకే వేసవి, రెండు తూకాలు

2011 వేసవిలో బ్రిటన్ రెండు నేరాలను దాదాపు ఒకేసారి చూసింది. జులైలో బయటపడినది సమాజపు పైఅంతస్తు నేరం. ఆగస్టులో వీధికెక్కినది అట్టడుగు నేరం. మొదటిదానిలో దేశంలోనే అత్యధికంగా అమ్ముడయ్యే ఆదివారం పత్రిక ఉంది, దాని యజమానులున్నారు, పోలీసు ఉన్నతాధికారులున్నారు, సాక్షాత్తు ప్రధానమంత్రి మాజీ సలహాదారు ఉన్నాడు. రెండోదానిలో ఉన్నవారిలో అధికులు పేరు లేని యువకులు. ఈ రెండింటినీ బ్రిటిష్ వ్యవస్థ ఏ తూకంతో తూచిందో పరిశీలిస్తే, పాత్రికేయ నీతి గురించిన చర్చగా చలామణీ అయిన వ్యవహారం నిజానికి వర్గ అసమానత చర్చ అని బోధపడుతుంది.

ఫోన్ హ్యాకింగ్ వ్యవహారం 2011లో పుట్టినది కాదు. రాజకుటుంబ సిబ్బంది వాయిస్ మెయిళ్లను దొంగచాటుగా విన్నందుకు ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ రాజకుటుంబ వార్తల ఎడిటర్, అతనికి సహకరించిన ప్రైవేటు డిటెక్టివ్ 2007లోనే జైలుకు వెళ్లారు. ‘ఒకే ఒక్క చెడ్డ విలేకరి’ అన్న యాజమాన్యం వాదనతో వ్యవహారం అక్కడికి ముగిసింది. ఆ డిటెక్టివ్ ఇంట్లో పోలీసులు స్వాధీనం చేసుకున్న సుమారు 11 వేల పుటల కాగితాలలో వందలాది మంది పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నా, వాటిని పూర్తిగా చదివే ఓపిక స్కాట్లండ్ యార్డుకు ఏళ్ల తరబడి లేకపోయింది. బాధితులు సినీతారలు, క్రీడాకారులు, రాజకీయ నాయకులు అయినంతకాలం ప్రజలు కూడా పెద్దగా చలించలేదు.

2011 జులై 4న ‘గార్డియన్’ ప్రచురించిన వార్త ఆ నిద్రమత్తును వదలగొట్టింది. 2002లో అపహరణకు గురై హత్యకు బలైన 13 ఏళ్ల మిల్లీ డౌలర్ ఫోన్‌నూ ఆ పత్రిక మనుషులు హ్యాక్ చేశారని వెల్లడైంది. ఆమె ఫోన్‌లోని సందేశాలను వారే తొలగించారన్న అంశం ఆ తరవాత రుజువు కాలేదు గానీ, వాటిని విన్న మాట వాస్తవం. పది రోజులు తిరగకముందే 168 ఏళ్ల చరిత్ర గల పత్రిక మూతపడింది. బీస్కైబీ టెలివిజన్ సంస్థను పూర్తిగా చేజిక్కించుకోవాలన్న రూపర్ట్ మర్డోక్ ప్రయత్నం ఆగిపోయింది. ఆ పత్రిక మాజీ డిప్యూటీ ఎడిటర్‌ను ప్రజాసంబంధాల సలహాదారుగా నియమించుకున్న లండన్ పోలీసు అధిపతి రాజీనామా చేశాడు. ప్రధాని డేవిడ్ కామెరన్ న్యాయమూర్తి లెవిసన్ నాయకత్వాన బహిరంగ విచారణ ప్రకటించాడు. వ్యవస్థ తనను తాను కడుక్కుంటున్నదనే నమ్మకం కొన్నాళ్లు బలంగా నిలిచింది.

నెల తిరిగేసరికి దృశ్యం మారింది. ఆగస్టు 4న ఉత్తర లండన్‌లోని టాటెన్‌హామ్‌లో మార్క్ డగ్గన్ అనే 29 ఏళ్ల యువకుడు పోలీసు కాల్పులలో మరణించాడు. అతడే ముందు కాల్చాడన్న అభిప్రాయం తొలుత పత్రికలలో వ్యాపించింది. అటువంటి అభిప్రాయం కలిగేలా పాత్రికేయులకు చెప్పి ఉండవచ్చునని పోలీసులపై ఫిర్యాదులను విచారించే కమిషనే తరవాత ఒప్పుకుంది. నిరసన అల్లర్లుగా మారింది, అల్లర్లు దోపిడీలుగా మారి బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ వంటి నగరాలకు పాకాయి. అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు. తమ వీధిని కాపాడుకోవడానికి బర్మింగ్‌హామ్‌లో కాపలా నిలిచి కారు కింద పడి మరణించిన ముగ్గురు దక్షిణాసియా మూలాల యువకులు వారిలో ఉన్నారు. ఈ విధ్వంసాన్ని సమర్థించవలసిన పని ఎవరికీ లేదు. నష్టపోయినవారిలో ఎక్కువమంది చిరువ్యాపారులు, అవే పేటల నివాసులు.

ప్రశ్న శిక్షలో ఉన్న తేడా గురించి. న్యాయస్థానాలు రాత్రింబవళ్లు పనిచేశాయి. మూడున్నర పౌండ్ల విలువైన మంచినీళ్ల సీసాల పెట్టెను ఎత్తుకుపోయినందుకు, పూర్వ నేరచరిత్ర లేని ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి ఆరు నెలల జైలు పడింది. అల్లర్లకు రమ్మని ఫేస్‌బుక్‌లో పిలుపునిచ్చినందుకు, ఆ పిలుపు అందుకుని ఒక్కరూ రాకపోయినా, ఇద్దరు యువకులకు నాలుగేసి సంవత్సరాల శిక్ష వేశారు. అప్పీలు న్యాయస్థానం దానిని ఖాయం చేసింది. అల్లర్ల కేసులలో సగటు జైలుశిక్ష అంతకుముందు ఏడాది అదే తరహా నేరాలకు పడిన శిక్షకు నాలుగు రెట్లు మించిందని ప్రభుత్వ గణాంకాలే చెప్పాయి. కోర్టు ముందుకు వచ్చిన పెద్దవారిలో మూడింట ఒక వంతు మంది నిరుద్యోగులకిచ్చే భృతులపై బతుకుతున్నవారు. పనిచేసే వయసు జనాభాలో ఆ వర్గం సుమారు 12 శాతం మాత్రమే.

అదే సమయంలో, ఏళ్ల తరబడి వేలాది సందేశాలను దొంగిలించిన యంత్రాంగానికి పడిన శిక్ష ఎంత? ఆ పత్రిక మాజీ సంపాదకుడు, కామెరన్ తన కార్యాలయంలో సమాచార విభాగాధిపతిగా పెట్టుకున్న ఆండీ కూల్సన్‌కు 2014లో పద్దెనిమిది నెలల జైలు విధించారు. అతడు అయిదు నెలలైనా లోపల ఉండలేదు. మరో మాజీ సంపాదకురాలు రెబెకా బ్రూక్స్‌ను జ్యూరీ నిర్దోషిగా ప్రకటించింది. ఆమె 2015లో మర్డోక్ బ్రిటిష్ పత్రికా సంస్థ అధిపతిగా తిరిగి వచ్చింది. జ్యూరీ తీర్పును శంకించనవసరం లేదు. కానీ మూడున్నర పౌండ్ల నీళ్ల సీసాలకు ఆరు నెలలు లెక్కగట్టిన వ్యవస్థ, ఇంత పెద్ద యంత్రాంగాన్ని నడిపిన సంస్థ నుంచి ఏమి రాబట్టిందన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. అల్లరిమూకల నైతిక పతనంపై పార్లమెంటులో ఉపన్యసించిన ప్రధాని, ఆక్స్‌ఫర్డ్‌లో చదివేనాడు బులింగ్‌డన్ క్లబ్ సభ్యుడు. భోజనశాలలను ధ్వంసం చేసి, నష్టపరిహారం చెక్కుతో చెల్లించడానికి పేరుబడిన సంపన్న పుత్రుల బృందమది. నష్టం కలిగించినది ఎవరన్నదానిని బట్టి అది ఒకచోట చిలిపితనం, మరొకచోట నేరం.

ఈ తేడాకు మూలం రాజకీయాధికారానికీ పత్రికాధిపత్యానికీ మధ్య ఉన్న పాత అనుబంధంలో ఉంది. 1981లో ‘టైమ్స్’ పత్రికలను కొనబోయే ముందు మర్డోక్ ప్రధాని మార్గరెట్ థాచర్‌తో ఆమె విడిది గృహంలో రహస్యంగా భోజనం చేసిన సంగతి 31 ఏళ్ల తరవాత గాని బయటికి రాలేదు. 1995లో టోనీ బ్లెయిర్ మర్డోక్ సంస్థ ఉన్నతోద్యోగుల సమావేశంలో ప్రసంగించడానికి ఆస్ట్రేలియాకు విమానమెక్కాడు. రెండేళ్లకు ‘సన్’ అతని పక్షం చేరింది. 2009లో అదే పత్రిక కన్సర్వేటివ్‌ల వైపు, 2024లో మళ్లీ లేబర్ వైపు మొగ్గింది. కన్సర్వేటివ్ ప్రభుత్వం లెవిసన్ విచారణ రెండో భాగాన్ని 2018లో రద్దు చేసినప్పుడు వ్యతిరేకించిన లేబర్ పార్టీ, అధికారంలోకి వచ్చాక దానిని తిరిగి తెరవలేదు. పత్రికలకూ పోలీసులకూ మధ్య ఉన్న సంబంధాలను తవ్వవలసినది సరిగ్గా ఆ రెండో భాగమే.

పత్రికల గదులలో ఎవరు కూర్చుంటారన్నదీ ముఖ్యమే. బ్రిటన్ జనాభాలో ప్రైవేటు బడులలో చదివినవారు సుమారు 7 శాతం కాగా, పేరున్న కాలమిస్టులలో వారి వాటా 40 శాతం దాటిందని 2019లో సటన్ ట్రస్ట్ అధ్యయనం తేల్చింది. శ్రామికవర్గం ఆ గదులలోకి వార్తలు రాసేదిగా కాక వార్తగానే ఎక్కువగా ప్రవేశిస్తుంది. 1989లో హిల్స్‌బరో క్రీడామైదానం తొక్కిసలాటలో లివర్‌పూల్ అభిమానులు మరణించినప్పుడు, మృతుల జేబులను తోటి అభిమానులే దోచుకున్నారని ‘సన్’ మొదటి పేజీలో రాసింది. మృతుల సంఖ్య చివరకు 97కు చేరింది. ఆ రాతలు పచ్చి అబద్ధాలని అధికారికంగా తేలడానికి 23 ఏళ్లు పట్టింది. ఆ పత్రికలో ఎవరికీ శిక్ష పడలేదు. శిక్ష వేసినది లివర్‌పూల్ ప్రజలే. ఆ ఊళ్లో చాలామంది నేటికీ ఆ పత్రికను ముట్టుకోరు.

మరి న్యాయం కావాలనుకునే సామాన్యుడికి ఉన్న దారి ఏమిటి? పరువునష్టం కేసులకు బ్రిటన్‌లో ప్రభుత్వ న్యాయసహాయం లభించదు. గెలిస్తేనే న్యాయవాదికి ఫీజు, ఆ అదనపు భారం ఓడిన పక్షానిది అనే ఏర్పాటు ఒక్కటే ఊతం. హత్య చేశాడన్న అనుమానంతో పత్రికలు బజారుకీడ్చిన బ్రిస్టల్ విశ్రాంత ఉపాధ్యాయుడొకరు 2011లో ఎనిమిది పత్రికల నుంచి పరిహారం రాబట్టగలిగినది ఆ ఊతంతోనే. దానిని తీసివేయవద్దని మిల్లీ డౌలర్ కుటుంబం ప్రధానిని స్వయంగా వేడుకుంది. ఇటువంటి కేసులకు కొన్నాళ్లు మినహాయింపు ఇచ్చి, 2019లో ఆ అదనపు ఫీజును ఓడిన పక్షం నుంచి రాబట్టుకునే వీలును ఎత్తివేశారు. గుర్తింపు పొందిన నియంత్రణ సంస్థలో చేరని పత్రికలే కోర్టు ఖర్చులు భరించాలన్న 2013 నాటి చట్టనిబంధన ఒక్కరోజు కూడా అమలు కాకుండానే 2024లో రద్దయింది.

ఫలితం కళ్లముందే ఉంది. మిర్రర్ గ్రూప్‌పై 2023లో తీర్పు సాధించినవాడు రాకుమారుడు హ్యారీ. 2025 జనవరిలో ‘సన్’ ప్రచురణ సంస్థ చేత క్షమాపణ చెప్పించుకున్నవాడూ అతడే. ప్రముఖ నటుడు హ్యూ గ్రాంట్ అంతటివాడు సైతం, తాను గెలిచినా కోర్టు ఖర్చుల కింద కోటి పౌండ్ల దాకా భరించవలసి రావచ్చునని చెప్పి రాజీపడ్డాడు. సినిమా తార వెనుకంజ వేసిన చోట బస్సు డ్రైవరు, నర్సు, బడిపంతులు ఎలా నిలబడతారు? దేశాన్ని కదిలించినది ఒక మామూలు ఇంటి బిడ్డ కథ. పోరాడే స్తోమత చివరకు మిగిలినది మాత్రం రాజప్రాసాదానికి.

పత్రికలపై అదుపు పేరుతో ప్రభుత్వం చేయిపెడితే సత్యాన్వేషణే దెబ్బతింటుందన్న వాదన తేలికగా తోసిపుచ్చదగినది కాదు. హ్యాకింగ్‌ను బయటపెట్టినది పోలీసులూ పార్లమెంటూ కాదు, మరొక పత్రిక. 2009లో ఎంపీల ఖర్చుల అవకతవకలను వెలికితీసినదీ పత్రికే. అయితే ఆ స్వేచ్ఛ ప్రజలది, వారి తరఫున పత్రికల చేతిలో ఉన్న అప్పగింత. దానిని బలవంతుడిని నిలదీయడానికి వాడినప్పుడు ప్రజలు కాపాడుకుంటారు. హత్యకు గురైన పిల్ల ఫోన్ వినడానికి వాడినప్పుడు, ఆ స్వేచ్ఛకు మొదటి శత్రువు ప్రభుత్వం కాదు, ఆ పత్రికే. అవసరమైనది ఏమి రాయాలో చెప్పే అధికారి కాదు. తప్పు రాసినప్పుడు పేదవాడు కూడా తట్టగల కోర్టు తలుపు.

భారతీయ పాఠకులకు ఇది పరాయి కథ కాదు. 2009 ఎన్నికలలో డబ్బు పుచ్చుకుని అచ్చువేసిన వార్తలపై ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘంలో పరంజాయ్ గుహా ఠాకుర్తాతో పాటు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి ఉన్నారు. వారు పత్రికల పేర్లతో సహా ఇచ్చిన నివేదికను కౌన్సిల్ 2010లో పక్కనబెట్టి, పేర్లు లేని సంక్షిప్త ప్రతిని మాత్రమే ఆమోదించింది. పూర్తి నివేదిక వెలుగు చూడడానికి సమాచార హక్కు చట్టం కావలసి వచ్చింది. లండన్‌లో లెవిసన్ రెండో భాగాన్ని మూసిన చేయీ, ఢిల్లీలో ఆ పేర్లను తొలగించిన చేయీ వేరువేరు దేశాలవి కావచ్చు. వాటి భయం ఒక్కటే.

పత్రికలను సంస్కరించడమంటే విలేకరులకు నీతిబోధ చేయడం కాదు. ఎవరి దొంగతనానికి ఎన్ని నెలలు, ఎవరి పరువుకు ఎన్ని పౌండ్లు అన్న లెక్కను సరిచేయడం. ఆ లెక్క సరికానంత వరకు, నీళ్ల సీసాలు ఎత్తుకుపోయినవాడు దొంగగానూ, మనుషుల రహస్యాలను ఎత్తుకుపోయిన సంస్థ గౌరవనీయ ప్రచురణకర్తగానూ పక్కపక్కనే కొనసాగుతారు.