పడవెక్కి కాలం దాటిన జంట

కాకినాడ నుంచి రామచంద్రపురం మీదుగా కోటిపల్లి వెళ్లే రైలుమార్గానిది విచిత్రమైన జాతకం. 1928లో వేశారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1940లో పట్టాలు పీకేశారు. మళ్లీ 2004లో రైలు కూతేసింది. ఏడెనిమిదేళ్ల వయసులో ఆ బండెక్కిన పిల్లాడు రెండోసారి ఎక్కాలంటే డెబ్భై దాటేదాకా ఆగాల్సి వచ్చిందన్నమాట!

పోయింది తిరిగిరావడమంటే గోదావరి జిల్లాల వాళ్లకు వెంటనే గుర్తొచ్చే కథ ఇంకొకటుంది. అందులో రైలు లేదు. పడవ ఉంది.

ఇప్పటి కాలేజీ పిల్లలకు కాలంలో ప్రయాణించే ప్రేమకథలంటే మహా ఇష్టం. అబ్బాయి ఒక కాలంలో ఉంటాడు, అమ్మాయి ఇంకో కాలంలో. మధ్యలో విప్పాల్సిన చిక్కుముడి ఒకటి. జర్మన్ రచయిత్రి కెర్స్టిన్ గీర్ 2009లో మొదలుపెట్టిన మూడు నవలల వరసే చూడండి. లండన్‌లో బడికెళ్లే అమ్మాయికి కాలంలో వెనక్కి వెళ్లే శక్తి వంశపారంపర్యంగా వస్తుంది. తోడుగా ఓ కుర్రాడు, చుట్టూ ఓ రహస్య సంఘం. పిల్లలు అన్నం కూడా మర్చిపోయి చదివే సరుకు. పక్కన కూర్చున్న అమ్మమ్మకు ఇదంతా అయోమయంగా ఉండొచ్చు. కానీ అంతకు నలభై అయిదేళ్ల ముందే అలాంటి కథకు ఆవిడ కన్నీళ్లు పెట్టుకుని ఉంటుంది.

ఆ సినిమా 'మూగమనసులు'. 1964లో వచ్చింది. తీసింది రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు. మాటలు ఆత్రేయ, ముళ్లపూడి వెంకటరమణ. ముళ్లపూడివారిదేమో ధవళేశ్వరం. గోదారి గాలి పీల్చినవాళ్లు తీసిన గోదారి కథ.

కొత్తగా పెళ్లయిన జంట పడవలో వెళ్తుంటుంది. సుడిగుండం దగ్గరికొచ్చేసరికి పెళ్లికొడుకు ఉన్నట్టుండి కలవరపడిపోతాడు. ఎందుకో అతనికే తెలీదు. ఒడ్డుకు దిగితే అక్కడ రెండు సమాధులు. వాటిలో ఉన్నది ఎవరు? ఆ చోటు తనకెలా తెలుసు? అక్కణ్నుంచి కథ గతంలోకి వెళ్తుంది. పడవ నడిపే గోపి, అతని పడవలో కాలేజీకి వెళ్లే జమీందారుగారమ్మాయి రాధ, గోపి మీద ప్రాణం పెట్టుకున్న గౌరి. అక్కినేని, సావిత్రి, జమున. రాధకు వేరే పెళ్లవుతుంది. భర్త పోయి పుట్టింటికి తిరిగొస్తుంది. ఊరు నోరు విప్పుతుంది. చివరికి రాధా గోపీ ఇద్దర్నీ సుడిగుండమే మింగేస్తుంది. ఆ ఇద్దరే ఈ కొత్త జంట!

ఇక్కడ కాస్త ఆగాలి. పడవవాడికీ జమీందారు బిడ్డకూ ఆ కాలంలో పెళ్లెలా కుదురుతుంది? పైగా ఆమె భర్తను పోగొట్టుకున్న మనిషి. మనసులోమాట ఒకరికొకరు చెప్పుకోవడానికే దారిలేదు. అందుకే సినిమాకు ఆ పేరు. ఊరు ఒప్పుకోని పెళ్లికి కథకులు రెండో జన్మను పిలుచుకొచ్చారు. ఈసారి ఎవరూ అడ్డురారు, మెడలో తాళి కూడా పడిపోయింది. ఊహ గొప్పదే. కానీ ఆ పెళ్లికి రెండు చావులు కావాల్సి వచ్చాయని కూడా ఒప్పుకోవాలి.

అసలైన కాలయంత్రం తెలుగు తెరమీదికి 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'తో వచ్చింది. హెచ్‌.జి.వెల్స్ 1895 నాటి నవల దానికి ప్రేరణ. మ్యూజియంలో వజ్రం దొంగతనం, దాన్ని కళ్లారా చూసిన పిల్లాడు, 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువు, అక్కణ్నుంచి 2504. చిక్కుముడి భలేగా ఉంటుంది. ఎటొచ్చీ అందులో ప్రేమ కథకు తోడుగా వెళ్లిందే తప్ప దాన్ని నడపలేదు. నాయకుడూ నాయికా ఒకే యంత్రం ఎక్కుతారు, కలిసే తిరిగొస్తారు. ఒకరి కోసం ఇంకొకరు కాలం దాటాల్సిన అవసరమే రాలేదు. అయినా 2025లో హంగులద్ది మళ్లీ విడుదల చేస్తే, చిన్నప్పుడు చూసినవాళ్లకు తమ పిల్లల్ని వెంటబెట్టుకెళ్లే అవకాశం దొరికింది. ఇక 2009లో రాజమౌళి 'మగధీర' మళ్లీ పాత దారే పట్టింది. చెయ్యి తగలగానే నాలుగువందల ఏళ్ల కిందటి జన్మ గుర్తొచ్చేస్తుంది.

రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం దాటి వెళ్తే కోటిపల్లి రేవు వస్తుంది. అవతలి ఒడ్డు ముక్తేశ్వరం. పడవలూ పంట్లూ ఎందర్నో దాటించిన రేవది. ఏ రేవులోనైనా దాటేవాళ్లుంటారు, ఒడ్డున ఉండిపోయేవాళ్లూ ఉంటారు. 'మూగమనసులు'లో అలా ఉండిపోయింది గౌరి. గోపీ రాధా ఒక జన్మ వదిలి ఇంకో జన్మలో పడుచువాళ్లై తిరిగొచ్చారు. గౌరి మాత్రం అదే జన్మలో, ఆ ఒడ్డునే ముసలిదైపోయింది. తను కోరుకున్న మనిషి ఇంకోసారి పుట్టినా ఆమెకు దక్కలేదు.

ఆదుర్తే 1967లో ఈ కథను హిందీలో 'మిలన్‌'గా తీశారు. అక్కినేని స్థానంలో సునీల్‌దత్ వచ్చారు, సావిత్రి స్థానంలో నూతన్. గౌరి మాత్రం మారలేదు. అక్కడా జమునే. ఆ పాత్రకు ఆమెకు ఉత్తమ సహాయనటిగా ఫిలింఫేర్ అవార్డు వచ్చింది.